కాక ఆపేసే చోటు

మొన్న ఎండాకాలంలో కోరుట్లకు, మా తమ్ముడింటికి పోయాను. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చి కళ్ళు మూసుకున్నానో లేదో, ముందు గదిలోంచి బాకా ఊదిన చప్పుడు వినిపించింది. బాకా వెనకే నగారా, దాని వెనక గుర్రాల డెక్కలు. ఒంట్లో ఎక్కడో పాత భయం ఒకటి కదిలి లేచి కూచున్నాను. ఆ చప్పుడు నాకు తెలుసు. తర్వాత ఒక ఆడమనిషి అరుస్తుందని, ఆ అరుపుకు గుడి స్తంభం ఒకటి పక్కకు ఒరుగుతుందని కూడా తెలుసు. అరిచింది. ఒరిగింది.

ముందు గదిలో తమ్ముడి మనవరాలు ఫోనును టీవీకి కలిపి ఏదో సినిమా పెట్టుకుంది. దాని తండ్రి, అంటే నా మేనల్లుడు, దుబాయి పోయి ఇంకా ఏడాది నిండలేదు. పిల్ల నన్ను చూసి, "అమ్మమ్మా, గీ బండ జూడు. ఉత్తుత్తిదే. ఊగుతున్నది" అని నవ్వింది. తెర మీద ఒక గడ్డం మనిషి, నడుముకు గుడ్డముక్క తప్ప ఒంటి మీద ఏమీ లేనివాడు, గోడంత బండను నెత్తికెత్తుకొని నిలబడ్డాడు.

"ఆగు, జరుపుత. ముంగట ఫైటింగ్ ఉంటది" అని పిల్ల ఫోను మీద వేలు పెట్టబోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"జరపకు బిడ్డా. మొత్తం సూద్దాం" అన్నాను.

ఆ సినిమాను చిన్నప్పుడు లెక్కలేనన్ని సార్లు చూశాను. మొత్తం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

మా ఊరు కోరుట్ల నుంచి కథలాపూర్ పోయే దారిలో ఉండేది. ఉండేది అంటున్నానంటే ఊరు ఇప్పుడు లేదని కాదు, నేను చెప్పే ఊరు లేదు. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్ళం. బాపుది గీత పని, తాటిచెట్లెక్కి కల్లు దించడం. తెల్లవారకముందే నడుముకు కట్టే మోకు, కాళ్ళకు వేసే గుజి భుజానికి వేసుకొని తాటివనం వైపు పోయేవాడు. ఆయన తిరిగొచ్చేసరికి ఇంట్లోకి పుల్లటి కల్లు వాసన, తాటాకుల వాసన, చెమట వాసన కలిసి వచ్చేవి. నాకు నాన్న వాసన అంటే ఇప్పటికీ అదే.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. అంతకుముందు ఏడూ అంతే. తాటిచెట్లు కల్లు పారడం తగ్గిపోయింది. బాపు చెట్టుచెట్టూ ఎక్కి దిగి, లొట్టి అడుగున గుక్కెడు కల్లుతో వచ్చి అరుగు మీద కూలబడేవాడు. అవ్వ మక్కజొన్న గట్క, ఎల్లిపాయ కారం ముందు పెట్టేది. ఊళ్ళో మగవాళ్ళు ఒక్కొక్కరే మాయమవుతుండేవారు. మాయమవడమంటే దుబాయి పోవడం. ఎడారిలో ఏ దేశం పోయినా మా దగ్గర దాని పేరు దుబాయే. పొద్దుగూకితే ముసలివాళ్ళ దగ్గులు తప్ప మగ గొంతు వినిపించకుండా అయింది మా వాడలో.

అట్లాంటి రోజుల్లో కాక తిరిగొచ్చాడు. కాక అంటే బాపు తమ్ముడు. ఆయన పోయేటప్పటికి నేను చాలా చిన్నపిల్లను, ముఖం కూడా గుర్తు లేదు. పెద్ద దుకాణంలో సామాను చూసుకునే పని అని చెప్పుకునేవాళ్ళు. మా నాయనమ్మ ఆ మాటను ఊళ్ళో ప్రతి గడప దగ్గరా ఒకసారి, బావి దగ్గర ఇంకోసారి చెప్పి వచ్చేది. "నా చిన్నకొడుకు నీడపట్టున కూసోని పని జేస్తడు" అనేది. మా ఇంట్లో నీడపట్టున పని చేసిన మగవాడు అంతకుముందు ఎవడూ లేడు మరి.

కాక తెచ్చిన పెట్టెలు విప్పిన రోజు వాడంతా మా ఇంట్లోనే ఉంది. టీవీ ఒకటి, దాని కింద పెట్టే వీసీఆరు ఒకటి, పులి బొమ్మ దుప్పటి, సెంటు సీసాలు, సబ్బులు, ఎండు ఖర్జూరాలు. సబ్బూ సెంటూ కొత్త ప్లాస్టిక్కూ కలిసిన వాసన గదంతా నిండింది. నాయనమ్మ ముక్కు ఎగబీల్చి, "ఏందిరా, గొర్ల వాసన అస్తున్నది" అంది.

"దుప్పటి ఉన్నిదవ్వా" అన్నాడు కాక.

నేను దుప్పటి ముట్టుకొని చూశాను. అది ఉన్నిది కాదు. నున్నగా జారిపోతోంది. ఆ మాట నేను పైకి అనలేదు, అంత మంది ముందు పెద్దవాళ్ళను పట్టుకొని అట్లా అంటే వీపు చిట్లిపోయే రోజులవి.

హిందీ సినిమాల క్యాసెట్లు తెస్తాడని ఊరంతా ఆశపడింది. కాక తెచ్చినవన్నీ ఒకటే రకం. కత్తులు, గుర్రాలు, తెల్లటి గుళ్ళు, మోకాళ్ళ దాకా చెప్పుల పటకాలు చుట్టుకున్న సిపాయిలు, వాళ్ళందరినీ చేతులతో విసిరేసే కండల మనిషి. నోళ్ళు ఒకటి పలుకుతుంటే మాటలు ఇంకొకటి వినిపించేవి. మాటలు ఇంగ్లీషు, కింద వంకర గీతల్లా అరబ్బీ. అవి ఇటలీ దేశంలో తక్కువ ఖర్చుతో గబగబా తీసి పారేసిన సినిమాలని, ఒకే గుడిని, ఒకే సింహాన్ని నాలుగు సినిమాలకు వాడుకునేవాళ్ళని ఎన్నో ఏళ్ళ తర్వాత నాకు తెలిసింది. అప్పుడు మాకు అది దుబాయి. ఇసుక ఉంది, ఎండ ఉంది, ఖర్జూరపు చెట్లున్నాయి. ఇంకేం కావాలి. నాయనమ్మ అయితే సిపాయిలు కనిపించినప్పుడల్లా, "గీళ్ళు నీ దుకానంలకు అస్తరారా?" అని కాకను అడిగేది. కాక కాదనేవాడు కాదు, అవుననేవాడు కాదు.

"గివ్వే ఎందుకు తెచ్చినవ్ కాకా, ఒక్క పాట లేదు" అని నేనడిగితే, "మాటలు సమజ్ గాకున్నా కత సమజైతది బిడ్డా" అన్నాడు.

మధ్యాహ్నాలు కరెంటు ఉన్నప్పుడు ఆట. కిటికీకి పులి దుప్పటి అడ్డం కట్టేవాళ్ళం. వెలుతురు దుప్పటి వెనక నుంచి పడి, పులి కళ్ళు రెండూ ఎర్రగా మండుతుండేవి. తలుపు మూస్తే గదిలో ఉక్క. మిషను వేడెక్కిన వాసన, ఆడవాళ్ళ జుట్టు నూనె వాసన, ఎవరో ఒకరు కొంగున కట్టుకొచ్చిన శనగ గుడాల వాసన. మా వాడ పిల్లలు, ముసలివాళ్ళు, మొగుళ్ళు దుబాయిలో ఉన్న ఆడవాళ్ళు, అందరూ గోడలకు ఆనుకొని కూచునేవాళ్ళు. బాపు తలుపు దగ్గర గొంతుక్కూచునేవాడు, ఎప్పుడైనా లేచిపోవడానికి సిద్ధంగా.

బాపుకు ఆ వీరుడి మీద ఏ కోశానా గౌరవం లేదు. "బండ లేపిండు గని మెడనరం ఉబ్బలే. గది బరువు లేదు" అనేవాడు. వీరుడు తాడు పట్టుకొని కోటగోడ ఎక్కుతుంటే, "కాళ్ళకు గుజి లేదు, నడుముకు మోకు లేదు. పడుతడు వీడు" అని గట్టిగా అనేవాడు. పడేవాడు కాదు. ప్రతిసారీ బాపు అట్లాగే అనేవాడు, ప్రతిసారీ వీరుడు గోడ ఎక్కేసేవాడు, ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్ళు.

టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోలు దిమ్మలు మాకు దొరికాయి. తమ్ముడూ నేనూ వాటికి బొగ్గూ పేడా పూసి బండలు చేశాం. వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తున్న నాయనమ్మ మీదికి తమ్ముడు ఒక దిమ్మ ఎత్తి విసిరాడు. ఆమె "సచ్చిన్రో" అని వెల్లకిలా పడింది. దిమ్మ ఆమె పొట్ట మీద పడి, గాలికి లేచి, దొర్లుకుంటూ పోయింది. ఆమె దాన్ని పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీలు కాదు. ఆ రోజు మాత్రం కాక నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూసింది చాలా తక్కువ.

ఇక ఆ సినిమా సంగతి. క్యాసెట్లన్నిటిలో అందరికీ ఇష్టమైనది ఒకటుంది. వీరుడు శత్రువులకు దొరికిపోతాడు. బానిసల మధ్య రాళ్ళు మోస్తాడు. కొరడా దెబ్బలు తింటాడు. ఆడవాళ్ళు "అయ్యో బిడ్డా" అని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. కాక కదలకుండా చూసేవాడు. తర్వాత వీరుడిని రాళ్ళ గుట్ట నుంచి ఒక పెద్ద ఇంటి వెనక్కు తీసుకొస్తారు. గుర్రపు సకిలింపు వినిపిస్తుంది. అక్కడ కాక లేచేవాడు.

లేచి మిషను దగ్గరికి పోయి ఆపేసేవాడు. తెర మీద చీమలు పాకేవి. ముందుకు తిప్పే మీట నొక్కి, మిషను గుర్రుమంటుంటే దాని మీద చెయ్యి వేసి నిలబడేవాడు. మళ్ళీ పెడితే వీరుడు గొలుసులు తెంపుతుండేవాడు. ఎప్పుడూ అదే చోట ఆపేవాడు, ఎప్పుడూ అదే చోట మొదలుపెట్టేవాడు. ఒక్కసారీ గురి తప్పలేదు.

ఆ మధ్యలో ఏముందో వాడంతటికీ తెలుసు. అంటే తెలుసనుకున్నారు. గుడ్డలు లేని ఆడవాళ్ళ ఆట ఉందని, పిల్లలున్నారని దాటేస్తున్నాడని తేల్చేశారు. నాయనమ్మకు అది పెద్ద తలవంపు అయింది. "గసువంటి కాసెట్ ఇంట్ల ఎందుకురా? పొయిల వెట్టు" అని కాక మీద పడింది. కాక ఆ నింద కూడా మోశాడు. "గంతేనవ్వా. నేను దాటిస్తున్న గదా" అన్నాడు. తప్పు పని చేసినవాడిలా తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం చూసి అందరూ నమ్మారు.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఎందుకంటే నేను కాకను చూస్తుండేదాన్ని. ఆయనకు మంచం వేస్తే కింద పడుకునేవాడు. గ్లాసులో నీళ్ళు ఇస్తే ముందు వాసన చూసేవాడు, తర్వాత కళ్ళు మూసుకొని గటగటా తాగేవాడు. చెంబు కడిగిన నీళ్ళు పారబోస్తే అవ్వ వైపు చురచురా చూసేవాడు. సరే, కరువు కదా అనుకుందాం. ఒకరోజు సాయంత్రం మా ఇంటి ముందు నుంచి గొర్ల మంద పోతోంది. అది మా పెరట్లోకి మళ్ళింది. కాపరి అరుస్తున్నాడు, ఒక్కటీ వినడం లేదు. అరుగు మీద కూచున్న కాక నాలుక అంగిట్లో ఆడించి, గొంతులోంచి ఒక చప్పుడు చేశాడు. మనవాళ్ళు చేసే చప్పుడు కాదది. మంద మొత్తం ఆగింది. ఇంకో చప్పుడు చేశాడు, మంద వెనక్కి తిరిగి దారి మీదికి పోయింది.

"ఏడ నేర్సినవే గౌడా, గిది?" అని కాపరి నోరు తెరిచాడు.

కాక లేచి లోపలికి పోయాడు. దుకాణంలో సామాను చూసే మనిషికి మంద మాట ఎట్లా వచ్చిందని నాకు అనుమానం పుట్టింది. ఎవరినీ అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు. దుబాయి నుంచి వచ్చినవాడిని తెచ్చినవి చూపించమంటారు, పడినవి చెప్పమనరు. అది ఎవరూ పెట్టని కట్టుబాటు, అందరూ పాటించేది.

ఆ నెలలోనే బాపు కూడా పోవాలని తేలింది. జగిత్యాల నుంచి ఏజెంటు వచ్చి అరుగు మీద కూచుని చాయ్ తాగి, తోట పని అన్నాడు, చెట్లకు నీళ్ళు పట్టే పని అన్నాడు. చెట్లంటే బాపు ముఖం వెలిగింది. అవ్వకు మనసొప్పలేదు. ఆమె ఎవరి మాటా నమ్మదు, ఏజెంటు మాట అసలే నమ్మదు. ఇంట్లో ఉన్న మనిషిని అడిగితే సరిపోతుంది కదా అనుకుంది.

ఆ పొద్దు కాక వంటింట్లో గట్క తింటున్నాడు. అవ్వ పొయ్యి ముందు కూచుని, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "తమ్మీ, నువ్వు జెప్పు. మీ అన్నను పంపాల్నా, వద్దా?"

కాక చెయ్యి కంచంలో ఆగింది. నేను గుమ్మంలో ఈత పండ్లు తింటూ చూస్తున్నాను. పొయ్యిలో తాటి మట్ట చిటపటమంది.

"బాగనే ఉంటది వదినె" అన్నాడు.

"ఒట్టేనా?"

"బాగనే ఉంటదని జెప్తున్న గదా." గట్కలో ఇంకొంచెం కారం కలుపుకున్నాడు, తినలేదు.

అదే వారం బోయినపల్లి వాళ్ళు కాకను చూసి పోయారు. పిల్లనివ్వడానికి ఒప్పుకున్నారు. టీవీ చూశారు, సెంటు వాసన చూశారు, దుకాణం సంగతి విన్నారు. కాక నోరు విప్పితే ముందు పోయేది ఆ సంబంధం, దాంతో పాటే నాయనమ్మ గడపగడపకూ పంచిన మాట. అది నాకు పెద్దయ్యాక అర్థమైంది. అర్థమైనా కాక మీద కోపం పోలేదు. జాలి కూడా పోలేదు. రెండూ ఉన్నాయి.

బాపు ప్రయాణం దగ్గరపడుతుంటే ఇంట్లో ఏదో ముసురుకుంది. అవ్వ మామిడి తొక్కు జాడీకి గుడ్డ కడుతూ కడుతూ ఆగిపోయేది. కుక్క ఒకటి మా అరుగు కింద చేరి, ఎంత తరిమినా పోలేదు. నాయనమ్మ దాన్ని చూసి అపశకునం అంది, మళ్ళీ తనే దానికి గట్క వేసింది. నాకేమో ఆ దాటేసే చోటు చూస్తే తప్ప బాపు ఎక్కడికి పోతున్నాడో తెలియదని మొండి నమ్మకం పట్టుకుంది. పిల్ల బుద్ధి. కాని అంత తప్పు బుద్ధేమీ కాదని ఇప్పుడు అనిపిస్తోంది.

కాక పెళ్ళి బట్టలకని సిరిసిల్ల పోయిన రోజు, తమ్ముడూ నేనూ తలుపు వేసుకొని క్యాసెట్ పెట్టాం. రాళ్ళు మోశాడు, దెబ్బలు తిన్నాడు. గుర్రం సకిలించింది. ఎవరూ లేవలేదు, ఎవరూ ఆపలేదు. తెర మీద ఒక రాతి తొట్టి, దాని చుట్టూ గుర్రాలు, నీళ్ళు తాగుతున్నాయి. తాగుతూనే ఉన్నాయి. వీరుడు పక్కన నిలబడి వాటినే చూస్తున్నాడు. అంతే, కరెంటు పోయింది.

క్యాసెట్ మిషన్లోనే ఉండిపోయింది. కాక వచ్చేదాకా కరెంటు రాలేదు. ఆయన మిషన్ వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూశాడు. కొడతాడని తమ్ముడు గోడకు అంటుకుపోయాడు.

"ఏం జూసిన్రు?" అన్నాడు కాక.

"గుర్రాలు" అన్నాను.

"గుర్రాలేనా?"

"గుర్రాలే కాకా. నీళ్ళు తాగుతున్నయి."

కాక నేల మీద కూచున్నాడు. కాసేపటికి మా ఇద్దరి నెత్తి మీదా చెయ్యి వేసి, "గంతే ఉన్నది. ఇంకేం లేదు" అన్నాడు. గుడ్డలు లేని ఆడవాళ్ళు లేరని ఆ రోజు నాకు రూఢి అయింది. ఉంటే బాగుండుననిపించింది. గుర్రాలు నీళ్ళు తాగడంలో దాచాల్సింది ఏముందో తెలియక, ఏమీ లేనందుకే ఎక్కువ భయం వేసింది.

రేపు ప్రయాణమనగా మధ్యాహ్నం కాక అందరినీ బయటికి పంపాడు. "అన్నా, నువ్వొక్కనివి గూసో" అని బాపును టీవీ ముందు కూచోబెట్టి తలుపు గడియ వేశాడు. అన్నదమ్ములు ముచ్చట్లు పెట్టుకుంటారులే అని నాయనమ్మ పక్కింటికి పోయింది. అవ్వ వాకిట్లో కూచుని పెసర్లలో రాళ్ళు ఏరుతోంది. నేను తలుపుకు చెవి ఆనించాను. సినిమా మొత్తం నాకు చప్పుళ్ళతోనే వచ్చు. బాకా అయింది. స్తంభం ఒరిగింది. కొరడా అయింది. గుర్రం సకిలించింది.

సినిమా ఆగలేదు. నేను అవ్వ వైపు చూశాను. ఆమె చెయ్యి చాటలో ఆగిపోయింది. ఆమె కూడా లెక్కపెట్టుకుంటూనే ఉంది. లోపలి నుంచి నీళ్ళ చప్పుడు వచ్చింది, ఎవరో చిన్నపిల్లవాడు నవ్విన చప్పుడు వచ్చింది, ఆ తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఎప్పటిలాగే గొలుసులు తెగాయి.

"సమజైందా అన్నా?" అన్నాడు కాక.

బాపు లేచిన చప్పుడైంది.

"గుర్రాలు మంచిగున్నయిరా" అన్నాడు.

తలుపు తీసుకొని బయటికి వచ్చి, అవ్వను చూసి, "సిన్మనే గదనే" అన్నాడు, ఆమె ఏమీ అడక్కపోయినా. మోకును గూటానికి తగిలించాడు. మర్నాడు కోరుట్ల బస్సెక్కాడు. బస్సు కదిలేదాకా కాక కిటికీ ఊచ పట్టుకొని నడిచాడు. ఏదో చెప్తాడని నేను చూశాను. "నీళ్ళు మంచిగ తాగు అన్నా" అన్నాడు. ఎవరైనా అనే మాటే కదా అది.

మోకును ఎవరూ ముట్టుకోలేదు. కాక పెళ్ళి చేసుకొని బోయినపల్లిలో అత్తగారింటికే పోయాడు. టీవీ మాకే వదిలేశాడు. నాయనమ్మ చనిపోయింది, బాపు రాలేకపోయాడు. నేను పెద్దమనిషినయ్యాను, బాపు లేడు. ఆయన తిరిగొచ్చేసరికి మోకు ఎండి పగిలి, పట్టుకుంటే పొడి రాలింది.

బాపు కూడా పెట్టెలు తెచ్చాడు, సెంటు తెచ్చాడు. తోట మంచిదని చెప్పాడు. పెట్టె తెరిచినప్పుడు నేను ముక్కు దగ్గర పెట్టుకొని చూశాను. ఆ వాసన ఉంది. సబ్బు కింద, సెంటు కింద, మందలు పోయాక దారి మీద మిగిలే వాసన. బాపు ఒంటి మీది కల్లు వాసన ఎక్కడా లేదు.

వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం తమ్ముడు పాత క్యాసెట్ పెట్టాడు. బాపు ఈసారి తలుపు దగ్గర కాదు, మిషను పక్కనే కూచున్నాడు. వీరుడు గోడ ఎక్కుతుంటే పడుతడని అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. రాళ్ళు మోశాడు, దెబ్బలు తిన్నాడు. గుర్రం సకిలించింది. బాపు చెయ్యి చాచి ఆపేశాడు. ముందుకు తిప్పే మీట నొక్కాడు. మిషను గుర్రుమంది. మళ్ళీ పెట్టేసరికి గొలుసులు తెగుతున్నాయి. సరిగ్గా అదే చోట.

తమ్ముడూ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అవ్వ టీవీ చూడటం లేదు, బాపునే చూస్తోంది. ఆమె లేచి పోయి, కొత్త కుండలోంచి రాగి చెంబు నిండా నీళ్ళు ముంచుకొచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చెంబు ఎత్తి, ముందు వాసన చూశాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని పెరట్లోకి పోయింది. ఆయన చనిపోయేదాకా ఆమె ఆ సంగతి అడగలేదు. తను పోయేదాకా మాతో ఆ మాట ఎత్తలేదు.

కోరుట్లలో ఆ మధ్యాహ్నం పిల్లతో కలిసి మొత్తం చూశాను. ఆ ముక్క నిమిషం కూడా లేదు. రాతి తొట్టిలో గుర్రాలు నీళ్ళు తాగుతాయి. తాగడం అయ్యేదాకా వీరుడిని ఆపి ఉంచుతారు. అవి పక్కకు తప్పుకున్నాక, యజమాని కొడుకు, చిన్నపిల్లవాడు, వేలితో తొట్టి చూపిస్తాడు. బండలు లేపిన మనిషి మోకాళ్ళ మీద వంగి, మూతి తొట్టిలో పెట్టి తాగుతాడు. పిల్లవాడు నవ్వుతాడు. ఎవరూ కొట్టరు. రక్తం లేదు. సినిమా తీసినవాళ్ళు కూడా దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు, వెంటనే గొలుసుల దగ్గరికి పోయారు. నేను కొంగుతో ముఖం కప్పుకొని ఏడ్చాను. పిల్ల బెదిరి, "సిన్మనే గదా అమ్మమ్మా" అంది.

సాయంత్రం మేనల్లుడి ఫోను వచ్చింది. రోజూ ఆ వేళకు బొమ్మ కనిపించే ఫోను చేస్తాడు. గోదాములో పని, కంపెనీ మంచిది అని తమ్ముడు అందరికీ చెప్తాడు. పిల్ల ఫోను లాక్కొని, "నానా, ఇయ్యాల ఒక సిన్మ జూసినం. గండ్ల ఒకడు గుర్రాలు తాగిన తొట్ల నీళ్ళు దాగిండు" అంది.

మేనల్లుడి నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. నేను ఫోను తీసుకున్నాను. తెర నిండా వాడి ముఖమే. రోజూ ముఖమే, వెనక ఏమీ కనపడదు. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు.

"కొడుకా, ఫోను జర పక్కకు తిప్పు. నువ్వు ఉండే జాగ సూస్త" అన్నాను.

"ఏమున్నది అత్తా, గోడనే."

"గోడనే సూస్త. నీళ్ళు ఏడియి తాగుతున్నవ్?"

వాడు నవ్వబోయాడు. పక్కకు చూశాడు. ఎక్కడో దూరంగా, గాలిలో, మేక అరిచినట్టు వినిపించింది. "సిగ్నల్ మంచిగ లేదత్తా, మల్ల జేస్త" అన్నాడు. తెర నల్లగా అయింది.

తమ్ముడు గోడ వైపు చూస్తూ, "ఆడ నెట్ గట్లనే ఉంటది అక్కా. రేపు జేద్దాం తియ్యి" అన్నాడు. బాపు సినిమా ఆపేసిన నాటి మధ్యాహ్నం నాతో పాటు కూచున్నవాడే వాడు. వాడికి తెలియదా.

"రేపద్దు" అన్నాను. "ఎత్తేదాక జేస్త. ఎత్తినంక అడుగుత. ఈ ఇంట్ల ఇన్నేండ్ల సంది ఒక్కలం గూడ అడుగలే."

పిల్లను పక్కన కూచోబెట్టుకొని, ఏది నొక్కాలో చూపించమన్నాను. చూపించింది. నొక్కాను. రింగు పోతోంది.